పిచ్చి చేపల పట్టిక: మా ఊరి డ్రెయిన్‌లో ఒక ఏడాది

జూన్ 22

తొమ్మిదో తరగతికి జీవవైవిధ్యం పాఠం చెబుతూ "మన ఊళ్లో దొరికే చేపల పేర్లు పది చెప్పండ్రా" అన్నాను. బొచ్చె, శీలావతి, గడ్డిచేప, రూప్‌చంద్, ఫంగస్... అక్కడిదాకా గడగడా వచ్చాయి. తర్వాత ఒకడు రొయ్య అన్నాడు. ఇంకొకడు అపోలో ఫిష్ అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మొదట చెప్పిన ఐదూ చెరువు చేపలే. రూప్‌చంద్ దక్షిణ అమెరికాది, ఫంగస్ (పంగాసియస్ చేప) ఆగ్నేయాసియాది, గడ్డిచేప చైనాది. బొచ్చె, శీలావతి మన దేశపువే అయినా వాటి పిల్ల హేచరీ నుంచి వ్యానులో వస్తుంది. కొల్లేటి పక్కన పుట్టి పెరిగిన పిల్లలకు, కాలువలో తనంతట తాను బతికే చేప ఒక్కటీ గుర్తు రాలేదు.

వెనక బెంచీవాడు ఒకడు మాత్రం "పిచ్చి చేపలు కూడా చెప్పాలా సార్?" అని అడిగాడు.

పిచ్చి మొక్కలు అన్నట్టే పిచ్చి చేపలు. చెరువులో సీడు (చేపపిల్ల) వదిలే ముందు ఇప్పపిండి చల్లి చంపేసేవన్నమాట. ఇప్పపిండిలోని సపోనిన్ చేప రక్తకణాలను పగలగొడుతుంది. రెండు మూడు వారాలకు విషం విరిగిపోయి మిగిలిన పిండి చెరువుకు ఎరువవుతుంది. రైతుకు రెండందాలా లాభం. ఆ పిచ్చి చేపలు ఎన్ని రకాలున్నాయో ఏడాది పాటు పట్టి, కొలిచి, ఫొటో తీసి, పట్టిన చోటే వదిలిపెట్టడం నా ప్రాజెక్టు. ఇంట్లో చెబితే "బడి పని చాలక ఇదొకటా" అన్నారు. అనుమతి వచ్చినట్టే.

జూన్ 28

ఎక్కడ పట్టాలన్నది ముందే తేల్చుకున్నాను. కొల్లేరు ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకూ 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. దాని లోపల అటవీశాఖ అనుమతి లేకుండా వల వెయ్యకూడదు. అనుమతి కోసం తిరిగే ఓపిక, సెలవులు నాకు లేవు. కాబట్టి అభయారణ్యం హద్దు బయట, ఆకివీడు వైపు మా ఊరి వెనక పారే డ్రెయిన్, దాంట్లో కలిసే రెండు పంట బోదెలు, తూము దగ్గర మడుగు. మొత్తం కలిపి కిలోమీటరున్నర కూడా ఉండదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉన్న ఈ పల్లంలో నీళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసేవే. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లోకి తెస్తాయి, ఉప్పుటేరు సముద్రంలోకి మోస్తుంది. చేపకు మన హద్దులు తెలియవు, మనకు తెలియాలి.

సామాను సిద్ధమవుతోంది. పాడైన టేబుల్ ఫ్యాను జాలీ రింగుకు పాత దోమతెర కుట్టి, వెదురు కర్ర కట్టాను. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాల మూతి భాగం కోసి, తిరగేసి లోపలికి దూర్చి ఆరు సీసా బోనులు చేశాను. ఆకివీడులో అద్దాల షాపులో ఐదు ముక్కలు కోయించి ఫొటో డబ్బా అతికించాను: 20 సెంటీమీటర్ల పొడవు, 15 ఎత్తు, 4 మందం. సన్నగా ఉంటేనే చేప పక్కకు తిరక్కుండా నిలబడుతుంది. సిలికాన్ జిగురు ఒక రోజు ఆరనివ్వాలని ట్యూబు మీదే రాసుంది. నేను ఆరు గంటలకే నీళ్లు పోశాను. ఒక మూల కారుతోంది.

జూలై 5

నిన్న సాయంత్రం ఆరు సీసాలూ బోదెలో పెట్టాను. పొద్దున చూస్తే ఒక పీత, నాలుగు నత్తలు. చేప లేదు.

గట్టు మీద వల ఆరబెట్టుకుంటున్న బాబాయి (మాకు చుట్టరికం లేదు, ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తారు) సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాస్టారూ, ఇందులో దూరాలంటే చేపకి లోపల ఏదో పనుండాలి కదండీ" అన్నాడు. ఎర పెట్టలేదు నేను. జీవశాస్త్రం మాస్టారిని.

జూలై 6

తవుడు, వేరుశనగ చెక్క, కాస్త అన్నం కలిపి ఉండలు చేసి వేశాను. గంటలో 31 చేపలు. సంబరపడి లెక్కపెడితే 28 గంబూషియాలు. దోమల కోసం 1928 ప్రాంతంలో ఈ దేశానికి తెచ్చిన అమెరికా చేప. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్ని కంటుంది కాబట్టి ఎక్కడ పడేసినా సంసారం పెట్టేస్తుంది. మిగతా చేపల రెక్కలు కొరుకుతుంది.

మిగిలిన మూడూ మనవి. నడినెత్తిన వెండి చుక్కతో, నోరు పైకి తిరిగి, నీటి పైపొరకు అంటుకున్నట్టు తిరిగే అప్లోఖైలస్. ఇది కూడా దోమపిల్లలనే తింటుంది, ఎప్పటినుంచో తింటోంది. దాని పని దాన్ని చేసుకోనివ్వకుండా ఇంకోదాన్ని తెచ్చిపెట్టుకున్నాం. బాబాయిని పేరు అడిగితే "పేరేముంటదండి, నెత్తిచుక్క చేప" అన్నాడు. పట్టికలో ఒకటో నంబరు అదే.

జూలై 13

దోమతెర వలతో గుర్రపుడెక్క వేళ్ల కింద గోకాను. సీసాలకు ఒక్కసారి కూడా పడనివి ఐదు రకాలు వచ్చాయి. వెన్నెముక, పొట్టలోని సంచీ బయటికి కనిపించే గాజు చేపలు రెండు రకాలు. ఒంటి పొడవునా నల్ల గీత ఉన్న రాస్బోరా. ఒంట్లో సగం పొడవు మీసాలున్న ఎసోమస్. ఒంటి మీద ఏటవాలు చారలున్న, కింద రెండు రెక్కలూ దారాల్లా సాగిన గౌరామి.

గుర్రపుడెక్క కూడా బయటిదే, దక్షిణ అమెరికాది. కానీ ఈ చిన్నచేపలు దాని వేళ్లలోనే దాక్కుంటున్నాయి. దాన్ని తిట్టాలో వద్దో ఇవాళ తేలలేదు.

జూలై 19

పాపం చేశాను. చేప కదలకుండా ఉండటానికి లవంగం నూనె వాడాలని చదివి, చన్నీళ్లలో నేరుగా పది చుక్కలు వేశాను. నూనె కరగకుండా పైన తేలింది, చేప పైకి రాగానే మొత్తం దాని మొప్పలకే పట్టింది. గాజు చేప ఒకటి, రాస్బోరా ఒకటి మళ్లీ లేవలేదు.

సరైన పద్ధతి రాసి పెట్టుకుంటున్నాను. చిన్న సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి నూనె చుక్కలు వేసి, పాలలా తెల్లబడేవరకూ గిలక్కొట్టాలి. ఆ పాలను లీటరు నీళ్లకు రెండు చుక్కల నూనె లెక్కన కలపాలి. చేప పక్కకు ఒరగగానే తీసేయాలి, మొప్పలు ఆగేదాకా చూడకూడదు. కొలత మూతి కొస నుంచి తోక రెక్క మొదలు వరకే, ఎందుకంటే తోక రెక్క చిరిగి ఉండొచ్చు. ఫొటో ఎప్పుడూ ఎడమవైపు. వెనక నల్ల గుడ్డ. తర్వాత మంచి నీళ్ల బక్కెట్లో, నిటారుగా ఈదేదాకా కాపలా. అన్నిటికంటే మంచిది, సన్నటి డబ్బాలో చేప రెండు నిమిషాల్లో దానంతటదే కుదురుకుంటుంది. చాలావాటికి మందే అక్కర్లేదు.

జూలై 27

పరిగెల దగ్గర వారం రోజులుగా ఇరుక్కుపోయాను. బాబాయికి అన్నీ పరిగెలే. నా దగ్గర ఫొటోలు నలభై ఉన్నాయి. వెండి రంగు ఒళ్లు, నల్ల చుక్కలు, అన్నీ వేలెడంత. రాత్రి రెండింటి దాకా భూతద్దం పెట్టుకుని పొలుసులు లెక్కపెట్టాను. చివరికి మూడు కుప్పలు చేశాను. మీసాలు లేకుండా, వీపు రెక్క మొదట్లో ఒక మచ్చ, తోక మొదట్లో ఒక మచ్చ ఉంటే పుంటియస్ సోఫోర్. మచ్చలు దాదాపు అలాగే ఉన్నా నోటి మూలల్లో సన్న మీసాల జత ఉంటే పుంటియస్ చోలా. ఇంకా చిన్నగా ఉండి, మచ్చల్లో ఒకటి మొప్పల వెనక, రెండోది తోక దగ్గర ఉంటే పెతియా టిక్టో. ఈ మూడోదానికి పక్కగీత (ఒంటి పక్కన పొలుసుల మీదుగా పోయే గీత) కొద్ది పొలుసుల దాకా వచ్చి ఆగిపోతుంది. అది చూస్తే అనుమానం తీరిపోతుంది, కానీ ఆ గీత కనబడాలంటే చేపను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోవాలి.

పొద్దున బాబాయి ఇంటికి వెళ్లాను. పిన్ని వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని పరిగెలు బాగు చేస్తోంది. చేస్తూ చేస్తూ కొన్నిటిని తీసి పిల్లికి పారేస్తోంది. చిన్నవని అనుకున్నాను. కాదు, అంతకంటే చిన్నవి గిన్నెలోనే ఉన్నాయి.

"అవెందుకు పిన్నీ పారేస్తున్నావు?"

"చేదు పరిగెలు బాబూ. నాలుగు పడినా పులుసంతా చేదెక్కుద్ది."

పిల్లి నోట్లోంచి ఒకటి లాక్కుని చూశాను. మొప్పల వెనక చుక్క, తోక దగ్గర చుక్క. టిక్టో! పిల్లి వదిలిన మరో ఐదూ అంతే. గిన్నెలో వెతికితే ఒక్క టిక్టో లేదు. నేను భూతద్దంతో వారం పట్టి చేసిన పని ఈవిడ కళ్లతో, చూపుడువేలితో ఒక్కో చేపకు సెకను లెక్కన చేస్తోంది.

ఇంటికొచ్చాక గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. గంగానది చేపల మీద 1822లో పుస్తకం వేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ చాలా చేపలకు బెంగాలీ జాలరుల పేర్లనే లాటిన్‌లోకి ఎక్కించాడు. పుంటియస్ అంటే వాళ్ల 'పుంటి', మన పరిగె. ఈ చిన్న చేపను బెంగాల్లో ఇప్పటికీ 'తీత్ పుంటి' అంటారు. తీత్ అంటే చేదు. అక్కడి వంటింట్లోనూ ఇక్కడి వాకిట్లోనూ ఒకటే మాట. ఇక్కడి మాట మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

నోటుబుక్కులో కొత్త గడి గీశాను: "పిన్ని పేరు". ఇప్పటికి తొమ్మిది రకాలు.

ఆగస్టు 10

తూము మడుగులో ఎర్రటి ముద్ద ఒకటి నీటి మీదికి వచ్చి, బుడబుడమని, మళ్లీ కిందికి. కొర్రమీను పిల్లలు. పుట్టిన కొత్తలో నారింజ ఎరుపులో ఉండి, వందల కొద్దీ ఒకే గుంపుగా తిరుగుతాయి. గుంపు కిందే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. పిల్లలు గాలి కోసం పైకి రాక తప్పదు, వాటిని చూసి పెద్దదాన్ని గేలంతో లాగడం ఇక్కడ పాత విద్య. తెలంగాణలో దీన్ని రాష్ట్ర చేపను చేశారు. మా దగ్గర కిలో ధర చూస్తే అది రాష్ట్ర గౌరవం కంటే ఎక్కువే.

నేను పిల్లల్లో రెండింటిని మాత్రం వలతో తీసి, ఫొటో తీసి, అదే ముద్దలో వదిలాను. పెద్దది నా కాలి పక్కనుంచి ఒక్క ఊపు ఊపి వెళ్లింది. మడుగు సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. సాయంత్రానికి ఇద్దరు గేలాలతో కూర్చుని ఉన్నారు. నేను గంటసేపు వంగి చూస్తుంటే ఊరంతా చూడదా మరి.

ఆగస్టు 24

బోదె నిండా చచ్చిన గాజు చేపలు, ఎసోమస్‌లు. పైన పొలంలో మందు కొట్టిన మర్నాడు వాన పడింది. కొలిచేవి కొలిచాను, 46. ఇంకేం రాయను.

సెప్టెంబర్ 14

ఇన్నాళ్లూ పగలు పట్టినవే చూశాను. బాబాయి తన మావు రెండు అరువిచ్చాడు. వెదురు పుల్లలతో అల్లిన బోను, లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. సాయంత్రం బోదె మొగలో, నీళ్లు డ్రెయిన్‌లోకి దిగే చోట పెట్టి, పొద్దున ఐదింటికి ఎత్తాము. అది వేరే ఊరి కాలువేమో అనిపించింది. మట్టగిడసలు పదకొండు, జెల్లలు ఆరు, బొమ్మిడాయిలు రెండు, ఇంగిలాయిలు నాలుగు. రెండు నెలలుగా అదే చోట దోమతెర వలకు వీటిలో ఒక్కటి కూడా పడలేదు. పగలు బురదలో ఉండి రాత్రి తిరిగేవి ఇవి. 'లేవు' అని నోటుబుక్కులో రాసినవన్నీ 'నా వలకు లేవు' అని దిద్దాను. దిద్దడానికి పేజీలు చాలానే ఉన్నాయి.

తర్వాత జరిగింది రాయాలంటే సిగ్గుగా ఉంది గానీ, పనికొస్తుంది. ఇంగిలాయిని ఫొటో డబ్బాలోకి మారుస్తూ వెనకనుంచి పట్టుకున్నాను. మొప్పల పక్క రెక్క ముల్లు బొటనవేలు కండలో దిగింది. తేలు కుట్టినట్టు అంటారే, అదే. మోచేతి దాకా పాకింది. పిన్ని చూసి, "ఏడిపించకుండా ముందు వేణ్ణీళ్లు పెట్టండి" అని కోడలికి కేకేసింది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో వేలు ముంచి అరగంట కూర్చోబెట్టింది. నిజంగానే తగ్గింది. ఆ విషం ప్రోటీను, వేడికి విరుగుతుంది. కాలకుండా మాత్రం చూసుకోవాలి, నొప్పిలో వేడి తెలియదు. ముల్లు విరిగి లోపల ఉందేమోనని మర్నాడు డాక్టరుకు చూపించి టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నాను.

పిల్లల్ని ఆదివారాలు తీసుకెళ్తున్నాను కాబట్టి రూలు పెట్టాను: మీసాలున్న చేపను ఎవరూ చేత్తో ముట్టకూడదు, గిన్నెతోనే. మొదటి రూలు తప్పింది మాస్టారే అని వెనక బెంచీవాడు ఊరంతా చెప్పాడు.

పద్నాలుగు రకాలు.

అక్టోబర్ 19

వానలు. డ్రెయిన్ గట్టుకు సమానంగా పోతోంది. దగ్గరికి వెళ్లలేదు.

నవంబర్ 9

ఆక్వా షాపులో చెరువు రైతులు కొనే ఆక్సిజన్ కిట్ తెచ్చాను. మూడు సీసాల మందు, ఒక రంగుల కార్డు. డ్రెయిన్ మడుగులో మధ్యాహ్నం మూడింటికి లీటరుకు 8 మిల్లీగ్రాములు చూపించింది. మర్నాడు తెల్లవారుజామున ఐదుంబావుకు అదే చోట ఒకటి కూడా లేదు. కార్డు మీద చివరి రంగు కంటే లేతగా వచ్చింది. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు చేపతో పోటీపడి పీల్చేస్తుంది. చెరువు మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తెల్లారుజామున ఎందుకు మోగుతాయో పిల్లలకు తెలుసు. కాలువకు ఏరియేటర్ ఎవరు పెడతారు?

టార్చి వేసి చూశాను. పరిగెలన్నీ నీటి పైపొర దగ్గర మూతులు పెట్టి నిలబడ్డాయి. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయిలకు ఆ బాధ లేదు. పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి దిగిపోతున్నాయి. వీటికి మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చే అవయవం ఉంది. ఊళ్లో వాళ్లు 'నల్లనీళ్ల చేపలు' అంటారు. ఎంత పాడైన నీళ్లలోనైనా ఇవి కనిపిస్తాయి కాబట్టి, ఇవి మాత్రమే కనిపించే చోట నీళ్లు పాడయ్యాయని అర్థం. మా డ్రెయిన్ కింది భాగంలో, రెండు చెరువుల నీళ్లు వదిలే చోట, నాలుగు వారాలుగా ఇవి తప్ప ఇంకోటి పడటం లేదు.

అక్కడే కొత్తది ఒకటి దొరికింది, అనాబాస్. మొప్ప మూతల అంచుకు రంపపు పళ్లు. బక్కెట్లోంచి దూకి, ఆ మూతలతో నేలను పట్టుకుంటూ గట్టు మీద రెండు మీటర్లు నడిచింది! తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో ఉన్న డానిష్ సైనికాధికారి డాల్డార్ఫ్ 1797లో అచ్చయిన వ్యాసంలో, ఇది తాటిచెట్టు ఎక్కుతుంటే చూశానని రాశాడు. అప్పటినుంచి ప్రపంచమంతా చెట్టెక్కే చేప అంటోంది. మాది చెట్టు ఎక్కలేదు, వెనక బెంచీవాడి చెప్పులోకి ఎక్కింది.

డిసెంబర్ 29

చలి. నీళ్లు 20 డిగ్రీలు. మావులో పడిన తొమ్మిది మట్టగిడసల్లో మూడింటికి పక్కలమ్మట ఎర్ర పుండ్లు, ఒకదానికి కండ బయటపడింది. 1988లో ఈశాన్యం నుంచి దేశంలోకి వచ్చిన పుండ్ల జబ్బు ఇది. నీటి బూజు ఒకటి చర్మంలోంచి కండలోకి పెరుగుతుంది. చలికాలంలో చేపకు రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు విజృంభిస్తుంది. మట్టగిడస, కొర్రమీను, పరిగెలకు ఎక్కువ. బాబాయికి ఆ ఏళ్లు గుర్తున్నాయి. "అప్పుడు మార్కెట్లో చేప ఎవరూ ముట్టుకునేవోళ్లు కాదండి. పుండు లేని చేప కూడా అమ్ముడుపోయేది కాదు" అన్నాడు.

వలలు, బక్కెట్లు అన్నీ బ్లీచింగ్ నీళ్లలో కడిగి ఎండబెట్టాను. ఆ మడుగులో వాడిన వల పై బోదెలో ఇక ముంచను. ఇన్నాళ్లూ ముంచాను.

జనవరి 16

కనుమ. ఊళ్లో కోళ్ల గొడవ. హైదరాబాద్ నుంచి వచ్చిన బావమరిది ఉప్పుటేరు వైపు వెళ్లి మూరెడు వాలుగను తెచ్చాడు. మా డ్రెయిన్ ఉప్పుటేట్లో కలిసే చోటే పట్టాడు కాబట్టి కోసేలోపు కొలిచి పట్టికలోకి ఎక్కించాను. పదహారు.

దీని లాటిన్ పేరు వల్లాగో. చదవగానే ఎక్కడో విన్నట్టు ఉంటుంది, ఎందుకంటే అది మన వాలుగే. విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ రెండు వందల చేపల బొమ్మలు వేయించి 1803లో అచ్చు వేశాడు. జాలరులు చెప్పిన తెలుగు పేర్లను విన్నది విన్నట్టు రాసుకున్నాడు. ఆ పేరే చేతులు మారి 1851లో డచ్ చేపల శాస్త్రవేత్త బ్లీకర్ చేతిలో శాస్త్రంలోకి ఎక్కింది. రెండు వందల ఏళ్ల కింద ఎవరో జాలరి "వాలుగండి" అని ఉంటాడు. బావమరిదికి ఇదంతా చెబుతుంటే పులుసు చల్లారిపోతోందని ఇంట్లోంచి కేక.

మార్చి 8

ఎండలు ముదిరాయి, పైనుంచి నీళ్లు తగ్గాయి. పోటుకు ఉప్పునీరు ఉప్పుటేట్లోంచి డ్రెయిన్ కింది భాగంలోకి ఎగదన్నుతోంది. నాలుక మీద తెలుస్తోంది. దువ్వెన చేప, ఇసుకదొంది వచ్చాయి. గంబూషియా ఉప్పుకు కూడా జంకలేదు.

వాటితో పాటు దెయ్యం చేప. ఒంటినిండా ఎముక పలకలు, నోరు కిందికి, నల్లటి చారలు. ఎవరో అక్వేరియంలో అద్దాలు నాకుతుందని కొని, పెద్దదయ్యాక కాలువలో వదిలేసి ఉంటారు. వలలు చింపేస్తుంది, గట్లలో బొరియలు చేస్తుంది. దీన్ని వదలలేదు. వదలకపోవడం కూడా ప్రాజెక్టులో భాగమే అని పిల్లలకు చెప్పాను, కానీ చంపేటప్పుడు వాళ్లను పక్కకు పంపాను.

ఏప్రిల్ 20

కాలువలకు నీళ్లు ఆపేశారు. బోదెలు ఎండిపోయాయి, డ్రెయిన్‌లో తూము మడుగు ఒక్కటే మిగిలింది. మోకాలి లోతు, పెద్ద గదంత. అందులో ఏడాదిగా వెతికినవన్నీ ఒకచోట ఇరుక్కుని ఉన్నాయి. చుట్టూ కొంగలు. బాబాయి విసురు వల ఒక్కసారి వేస్తే చాలు. కొత్తవి మూడు: సూదిలాంటి పొడుగు మూతిది, లేత వెండిరంగు మోలా, అరచేతంత పెద్ద పరిగె సిస్టోమస్ సరానా. ఇరవై ఒకటి. బయటివి విడిగా నాలుగు: గంబూషియా, తిలాపియా, దెయ్యం చేప, చెరువు గట్టు తెగి వచ్చిన రూప్‌చంద్ పిల్ల.

పొద్దెక్కాక ఊళ్లోవాళ్లు బుట్టలతో దిగారు. రెండు రోజుల్లో మడుగు ఖాళీ. నాకు లోపల గింజుకున్నా ఏమీ అనలేదు. ఏటా ఏప్రిల్లో జరిగేదే ఇది. బురదలోకి దిగినవి మిగులుతాయి.

మే 18

పగుళ్లు వేసిన మడుగు అడుగున బాబాయి గునపంతో ఒకచోట తవ్వి చూపించాడు. అడుగున్నర కింద తడి బురద, అందులో మట్టగిడస. మొప్పలు మెల్లగా కదులుతున్నాయి. ఫొటో తీసి, మట్టి కప్పేశాము. కూర కోసం తవ్వబోయి నా కోసం కప్పాడు. ఆ బాకీ రాసి పెట్టుకున్నాను.

జూన్ 15

కొత్తనీరు వచ్చింది. రాత్రి వానకు డ్రెయిన్‌లోంచి బోదెల్లోకి పరిగెలు ఎదురెక్కుతున్నాయి, తూము దగ్గర నీళ్లు మరుగుతున్నట్టు ఉంది.

ఇరవై ఒక్క ఫొటోలు ప్రింటు తీయించి, అట్టకు అతికించి, మొదట పిన్నికి చూపించాను. ఒక్కోదాని మీద వేలు పెట్టి పేరు చెబుతూ పోయింది. నేను రాసుకున్నవాటిలో రెండు పేర్లు తప్పట, దిద్దింది. చివరికి వచ్చాక అట్ట తిరగేసి వెనక చూసింది.

"కత్తి చేపేది?"

"అదేంటి పిన్నీ?"

"వీపు గూనిగా, ఒళ్లు కత్తిలా పల్చగా. పొట్ట కింద కుచ్చిళ్లలాగ ఒకటే రెక్క, తోక దాకా. ముందుకెంత పోద్దో వెనక్కీ అంతే పోద్ది. నా పెళ్లైన కొత్తలో లాకుల దగ్గర బుట్టెడు వచ్చేయి."

నోటోప్టెరస్ అయి ఉండాలి. ఆ పొడవాటి రెక్కను అలలా ఊపుతూ వెనక్కి ఈదేది అదే. ఏడాదిలో నాకు ఒక్కటి కూడా కనబడలేదు. పోయిందా అని అడిగితే బాబాయి తల అడ్డంగా ఊపాడు. "పగలు రాళ్ల సందుల్లోంచి రాదండి. మీ సీసాకీ రాదు, నా మావుకీ రాదు. రాత్రి పదింటప్పుడు, లాకుల కింద, వానపాము గుచ్చి గేలం వెయ్యాలి."

22 అని నంబరు వేసి, పిన్ని పేరు గడిలో 'కత్తి చేప' అని రాసి, మిగతా గడులు ఖాళీగా వదిలాను. ఆకివీడు నుంచి చిన్న గేలపు ముళ్లు ఒక ప్యాకెట్టు తెచ్చాను. శనివారం రాత్రి వాన లేకపోతే వెళ్తాం.